అరకు చూడలేదు... డబ్బూ రాలేదు!

కార్తికమాసం. కొండల మీద పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు. పొద్దున్నే విశాఖలో రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తే బొర్రా గుహలు. అక్కణ్నుంచి అరకు. రాత్రికి చలిమంట, థింసా నృత్యం. మూడు రోజులు, ఆరుగురు మనుషులు, ముప్ఫై ఆరు వేల రూపాయల ప్యాకేజీ. అందులో ముప్ఫై వేలు అడ్వాన్సుగా ఫోన్లోనే పంపించేశారు. బ్యాగులు సర్దేశారు. నాయనమ్మకి కొత్త స్వెట్టరు కూడా కొన్నారు.

అప్పుడొచ్చింది తుపాను.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నుంచే విశాఖ మీదుగా నడిచే రైళ్లు వరసగా రద్దవుతూ వచ్చాయి. అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలూ వాటిలో ఉంది. సరిగ్గా ఆ వారమే అరకు ప్రయాణం పెట్టుకున్న కుటుంబం ఒకటి గుంటూరులో ఉందనుకుందాం. ఇంటాయన ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేస్తాడు. ఆ సంభాషణ ఎలా సాగుతుందో, ఒక్కసారైనా ప్యాకేజీ టూరు రద్దు చేసుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

‘‘ఏం చేస్తాం సార్, ప్రకృతి! మీ డబ్బెక్కడికీ పోదు. సంక్రాంతికి వెళ్దురుగాని.’’

‘‘సంక్రాంతికి మాకు కుదరదు బాబూ. డబ్బు వెనక్కిచ్చెయ్యండి.’’

‘‘అయితే క్యాన్సిలేషన్ చార్జీలు పోను ఎనిమిది వేలు వస్తాయి సార్.’’

‘‘అదేంటి! తుపాను మేం తెచ్చామా?’’

‘‘మేం మాత్రం తెచ్చామా సార్? అక్కడ అన్నీ కట్టేశాం కదా!’’

ఇక్కడితో చాలామంది ఫోన్ పెట్టేస్తారు. కాస్త కోపం ఉన్నవాళ్లు నాలుగు మాటలంటారు. కోర్టుకెళ్తామని బెదిరించేవాళ్లూ ఉంటారు. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగరు. ‘అక్కడ’ అంటే ఎక్కడ? ఎవరికి కట్టారు? ఎంత కట్టారు?

‘అక్కడ’ అంటే ఎక్కడ?

ప్యాకేజీ అనేది పైకి ఒకే అంకె. లోపల చూస్తే నాలుగైదు చేతులు. అరకు టూరునే విప్పి చూద్దాం. అంకెలు ఊరికే లెక్క కోసం అనుకున్నవి. రైల్లో అద్దాల బోగీ, అదే విస్టాడోమ్‌లో ఆరు టికెట్లకి నాలుగు వేలు. రెండు గదులు, రెండు రాత్రులకి పద్నాలుగు వేలు. విశాఖ నుంచి తిప్పే బండికి పదకొండు వేలు. భోజనాలు, బొర్రా గుహలు, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం టికెట్లకి మూడు వేలు. ఏజెంటు తన కోసం ఉంచుకునేది నాలుగు వేలు. మొత్తం ముప్ఫై ఆరు వేలు.

ఇప్పుడు తుపానుకి ముందు రోజు ఈ సొమ్ము ఎక్కడుందో చూడండి. రైలు టికెట్లు ముందే కొనాలి కాబట్టి ఆ నాలుగు వేలూ ఖర్చయ్యాయి. హోటలుకి ఏజెంటు మొత్తం కట్టి ఉండొచ్చు, అడ్వాన్సే ఇచ్చి ఉండొచ్చు. నాలుగు వేలు ఇచ్చాడనుకుందాం. బండికి రెండు వేలు బయానా. మిగతా బాడుగ ప్రయాణం చివర్లో డ్రైవరు చేతిలో పెట్టడమే ఎక్కువచోట్ల జరిగేది. గుహల టికెట్లు గుహల దగ్గరే కొంటారు, భోజనం తిన్నాకే బిల్లు. అంటే ఏజెంటు జేబులోంచి బయటికెళ్లింది పదివేలు. అందులో రైలు డబ్బు నాలుగు వేలు తిరిగొచ్చేస్తుంది. నిజంగా ‘అక్కడ’ ఉన్నది ఆరు వేలు!

కుటుంబం ఇచ్చింది ముప్ఫై వేలు. వెనక్కిస్తానంటున్నది ఎనిమిది వేలు. మధ్యలో ఉన్న ఇరవై రెండు వేలకి లెక్క అడిగితే తప్పేముంది?

ఏజెంట్లందరూ ఇలాగే చేస్తారని కాదు. సీజన్లో గది దొరకాలంటే మొత్తం ముందే కట్టించుకునే హోటళ్లు అరకులో ఉన్నాయి. అలాంటప్పుడు ఏజెంటు నిజంగానే ఇరుక్కుంటాడు. కాకపోతే ఆ సంగతి రసీదు చూపిస్తే తేలిపోతుంది. నోటిమాటగా ‘కట్టేశాం’ అనడం రసీదు కాదు.

రైలు డబ్బు ముందు

అరకు ప్యాకేజీలో అన్నిటికంటే తేలిగ్గా తేలే లెక్క రైలుది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఈ లైనులో 58 సొరంగాలున్నాయి. వానలు ముదిరితే కొండల మీంచి బండరాళ్లు పట్టాల మీదికి జారిపడటం ఇక్కడ కొత్తేం కాదు. తుపాను వస్తే ముందుగా ఆగేది ఈ రైలే. రైల్వే తనంతట తానే రైలును రద్దు చేస్తే టికెట్టు చార్జీ మొత్తం తిరిగివ్వాలి. ఆన్‌లైన్లో కొన్న టికెట్లకైతే ఎవరూ దరఖాస్తు చేయకుండానే ఆ డబ్బు వెనక్కి వెళ్తుంది.

ఎక్కడికి వెళ్తుంది? ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకి. టికెట్టు కొన్నది ఏజెంటు కాబట్టి అతని ఖాతాకి! ‘రైల్వే నుంచి ఇంకా రాలేదు సార్’ అని నెలల తరబడి వినిపించే మాటను అందుకే కాస్త అనుమానించాలి.

ఈ చిక్కు గురించి ఐఆర్‌సీటీసీకి తెలియక కాదు. అధీకృత ఏజెంట్లు కొన్న టికెట్లకి ఓటీపీ పద్ధతి 2019లోనే తెచ్చింది. ఏజెంటు టికెట్టు రద్దు చేస్తే ప్రయాణికుడి మొబైల్‌కి ఎంత డబ్బు తిరిగొస్తుందో చెబుతూ మెసేజ్, ఓటీపీ వస్తాయి. ఆ ఓటీపీ ఏజెంటుకి చెబితేనే డబ్బు అతని ఖాతాలో పడుతుంది. బాగుంది కదా! అయితే ఒక మెలిక. బుకింగ్‌లో రాయించిన నంబరు మనదై ఉండాలి. ఏజెంటు తన నంబరే రాసుకుంటే మెసేజూ అతనికే, ఓటీపీ కూడా అతనికే. టికెట్టు చేతికొచ్చిన రోజునే ఆ నంబరు ఎవరిదో అడగాలి. పీఎన్‌ఆర్ నంబరు రాసుకోవాలి.

ఇంకో సంగతి. రైలు రద్దయినా ఘాట్ రోడ్డు తెరిచే ఉంటుంది ఒక్కోసారి. ‘ఫరవాలేదు సార్, కార్లోనే తీసుకెళ్తాం’ అంటారు. విశాఖ నుంచి అరకు రోడ్డు మార్గాన 115 కిలోమీటర్ల చిల్లర. అనంతగిరి కాఫీ తోటల మీదుగా ఆ దారీ అందంగానే ఉంటుంది. కానీ అరకు వెళ్లేవాళ్లలో సగం మంది ఆ రైలు కోసమే వెళ్తారు. పిల్లలున్న ఇంట్లో అయితే మరీనూ. ఒప్పుకుని కార్లో వెళ్లినా రైలు చార్జీ మనదే, అడగొచ్చు. ఒప్పుకోకపోతే మనం ‘రాలేదు’ అని రాసుకునే హక్కు ఏజెంటుకి లేదు. రైలు ప్రయాణం అని చెప్పి అమ్మిన టూరు అది.

కొండ మీద వాళ్లకి దక్కిందెంత?

‘అక్కడ కట్టేశాం’ అన్న మాట నిజమో కాదో తేల్చడానికి చిన్న ఉపాయం ఉంది. హోటలుకి నేరుగా ఫోన్ చేయడం. ఫలానా తేదీకి, ఫలానా పేరు మీద గది ఉందా, అడ్వాన్సు ఎంత ముట్టింది, తుపాను కారణంగా తేదీ మారుస్తున్నారా? మూడు ప్రశ్నలు చాలు. పర్యాటక సంస్థ గదులైతే బుకింగ్ కాగితం మీదే కట్టిన మొత్తం, రద్దు నిబంధనలు ఉంటాయి. ఆ కాగితం మనకివ్వకుండా ఏజెంటు తన లెటర్‌హెడ్ మీద ‘రూమ్ కన్‌ఫర్మ్‌డ్’ అని రాసిచ్చాడంటే, అసలు కాగితం అడగాల్సిందే.

బండి సంగతి మరీ విచిత్రం. మనకి రావాల్సిన డబ్బు రాలేదని మనం ఏడుస్తుంటే, అరకులో ఆ డ్రైవరు తన మూడు రోజుల బాడుగ పోయిందని కూర్చుని ఉండొచ్చు. నవంబరు నుంచి జనవరి దాకా, గట్టిగా మూడు నెలలు ఆ కొండల్లో సీజను. జీపులు నడిపేవాళ్లు, వెదురు బొంగుల్లో కోడికూర కాల్చి అమ్మేవాళ్లు, గుడారాలు అద్దెకిచ్చే గిరిజన కుటుంబాలు, పర్యాటకుల ముందు థింసా ఆడే మహిళలు... అందరికీ ఆ మూడు నెలల సంపాదనే ఏడాదికి ఆధారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మన్యంలో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా కూలాయి. సీజను మొదలవుతుండగానే పోయింది.

వాళ్ల నష్టం పేరు చెప్పి ఏజెంటు మన దగ్గర కోత పెడితే, ఆ కోత వాళ్లకి చేరాలి కదా! డ్రైవరుకి రెండు వేలు బయానా ఇచ్చాం, అది వదిలేద్దాం అంటే కాదనే మనసు ఎవరికీ ఉండదు. పదకొండు వేలూ ‘బండికి పోయింది’ అంటేనే పేచీ.

ఎవరు రద్దు చేశారు?

రద్దు మూడు రకాలు. ఈ మూడింటినీ ఏజెంట్లు ‘క్యాన్సిలేషన్’ అనే ఒకే గాటన కట్టేస్తారు.

మొదటిది తుపాను, కరోనా లాంటి కారణాలతో ప్రయాణమే అసాధ్యమవడం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం చేయడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదు. 65వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద ఎవరైనా లాభం పొంది ఉంటే దాన్ని తిరిగివ్వాలి. ‘ప్రకృతి సార్’ అన్న మాట ఏజెంటుకి ఎంత వర్తిస్తుందో మనకీ అంతే వర్తిస్తుందన్నమాట.

రెండోది ఏజెంటే రద్దు చేయడం. మనుషులు సరిపోలేదనో, గది దొరకలేదనో. ఇందులో చర్చే లేదు, మొత్తం వెనక్కివ్వాలి. ఆన్‌లైన్ సంస్థలకైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో చక్కటి మాట ఒకటుంది. తాము ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి చార్జీ తాము కూడా భరించే పద్ధతి ఉంటే తప్ప, వినియోగదారుడి నుంచి రద్దు చార్జీ వసూలు చేయకూడదు.

మూడోది అసలు తలనొప్పి. రద్దు చేసింది మనమే. నాయనమ్మకి జ్వరం, పెద్దవాడికి పరీక్ష, ఆఫీసులో సెలవు దొరకలేదు. ఇక్కడ ఏజెంటుకి కొంత పోతుంది, ఆ కొంత మనం భరించాలి. ఎంత? కాగితం మీద ‘యాభై శాతం’, ‘నో రిఫండ్’ అని ఉన్నంత మాత్రాన అంతా అతనిదైపోదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. అందులో సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టమే లేని చోట అడ్వాన్సు మింగేయడం కుదరదని 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఢిల్లీలో భూమి వేలానికి సంబంధించిన కేసు. సూత్రం మాత్రం అరకు గదికీ పనికొస్తుంది.

మనవైపు తప్పులూ ఉంటాయి. ప్రయాణం ఎగ్గొట్టాలని నాలుగు రోజుల ముందే అనుకుంటారు, ఏజెంటుకి మాత్రం రైలు కదిలే ముందు చెబుతారు. ఆ నాలుగు రోజుల్లో గది ఇంకొకరికి ఇచ్చుకునేవాడు కదా! అనుకున్న గంటలోనే వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెడితే ఆ సమయం రికార్డయి ఉంటుంది. ఎంత ముందు చెబితే కోత అంత తక్కువ.

కరోనా నాటి లెక్క

మధ్యవర్తి చేతిలో డబ్బు ఆగిపోవడం ఎంత పెద్ద సమస్యో దేశమంతటికీ తెలిసొచ్చింది 2020లో. మార్చిలో లాక్‌డౌన్ రాగానే విమానాలు ఆగాయి. టికెట్లు కొన్నవాళ్లు ఎయిర్‌లైన్స్‌ని అడిగితే ‘మీ ఏజెంటుకి ఇచ్చేశాం’, ఏజెంటుని అడిగితే ‘ఎయిర్‌లైన్స్ ఇవ్వలేదు’. వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ కాలంలో కొన్న టికెట్లకి మొత్తం సొమ్ము తిరిగివ్వాలి, ఏజెంటు ద్వారా కొన్నదైతే ఎయిర్‌లైన్స్ ఇచ్చిన డబ్బును అతను వెంటనే ప్రయాణికుడికి అందించాలి. చేతిలో డబ్బులేని ఎయిర్‌లైన్స్ క్రెడిట్ ఇచ్చుకోవచ్చు. అదీ ఊరికే కాదు. 2020 జూన్ 30 దాకా నెలకి 0.5 శాతం, ఆ తర్వాత 0.75 శాతం చొప్పున దాని విలువ పెంచుతూ పోవాలి.

తీర్పు వచ్చినా డబ్బు వెంటనే రాలేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రంగంలోకి దిగి బుకింగ్ సంస్థలని పిలిచి లెక్కలు అడిగింది. యాత్రా సంస్థనే చూస్తే 2021లో 36,276 బుకింగులకి 26 కోట్ల రూపాయల పైచిలుకు బాకీ ఉంది. 2024 జూన్ నాటికి అది 4,837 బుకింగులకి, రెండున్నర కోట్లకి తగ్గింది. మిగిలింది కూడా ఇచ్చేయమని 2024 జూన్ 27న ఆదేశించింది. అంతేకాదు, బాకీ ఉన్న ప్రయాణికులకి ఫోన్లు చేసి చెప్పడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ దగ్గర ఐదుగురిని కూర్చోబెట్టమంది, ఆ ఖర్చు కూడా సంస్థే భరించాలని! డబ్బు ఇవ్వాల్సినవాడే ఫోన్ చేసి ‘మీకివ్వాలండీ’ అనడం మనకెక్కడ అలవాటు?

కోట్ల లెక్క కాబట్టి ఢిల్లీ కదిలింది. గుంటూరు ఏజెంటు దగ్గరున్న ఇరవై రెండు వేలకి ఎవరు కదులుతారు? మనమే.

ఒక్క ఉత్తరం

మొదటి ఉత్తరంలో కోపం అక్కర్లేదు. ‘నా డబ్బు తిరిగివ్వండి’ అనే దానికంటే ‘లెక్క ఇవ్వండి’ అనడం బలమైనది. మేం ఫలానా తేదీన ముప్ఫై వేలు ఇచ్చాం, ఫలానా రైలు రద్దయింది, పీఎన్‌ఆర్ ఇది. హోటలుకి, బండికి మీరు కట్టిన రసీదులు పంపండి. రైల్వే నుంచి తిరిగొచ్చినది ఎంతో చెప్పండి. మిగతాది పదిహేను రోజుల్లో ఈ ఖాతాకి జమచేయండి. ఇంతే. ఈమెయిల్‌లో ఒకటి, స్పీడ్ పోస్టులో ఒకటి. ‘జీఎస్టీ కట్టేశాం, అది రాదు’ అని జవాబొస్తే కంగారు పడక్కర్లేదు. సేవ అందించకుండా అడ్వాన్సు వెనక్కిచ్చినప్పుడు రిఫండ్ వోచరు రాసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది.

జవాబు రాకపోతే 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, ఆదేశాలివ్వదు. ఫిర్యాదుని అవతలివాళ్లకి పంపి రాజీకి ప్రయత్నిస్తుంది. పెద్ద సంస్థలు చాలావరకు ఇక్కడే దిగొస్తాయి. సందు చివర చిన్న ఆఫీసు పెట్టుకున్న ఏజెంటు దిగిరాకపోవచ్చు.

అప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్. ఏజెంటు విశాఖలో ఉన్నాడు, మేం గుంటూరులో ఉన్నాం, అక్కడికెవరు తిరుగుతారని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ ఇబ్బంది తీసేసింది. ఫిర్యాదుదారు ఎక్కడ ఉంటే, ఎక్కడ పనిచేస్తే అక్కడి జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. మనం చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంట్లోంచే ఫిర్యాదు పంపొచ్చు. ఒప్పందంలోని షరతే అన్యాయమని సవాలు చేయాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. డబ్బు వెనక్కివ్వలేదు, సేవాలోపం అన్న ఫిర్యాదుకి జిల్లా కమిషన్ చాలు.

చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది. వాయిదాల సంగతి తెలిసినవాళ్లెవరూ దాన్ని నమ్ముకుని కూర్చోరు. అందుకే మధ్యలో ఏజెంటు రాజీకొస్తే ఎంత దగ్గర ఆగాలో ఇంట్లో ముందే అనుకోవడం మంచిది. పై లెక్కలో హోటలు, బండి కింద నిజంగా పోయిన ఆరు వేలు, అతని శ్రమకి ఓ రెండు వేలు తీసేస్తే ఇరవై రెండు వేలు రావాలి. ఇరవై ఇస్తానంటే పుచ్చుకోవచ్చు. పన్నెండు వేలకి వోచరిస్తా, వచ్చే ఏడాది వాడుకోండి అంటే మాత్రం... వచ్చే ఏడాదికి ఆ ఆఫీసు అక్కడే ఉంటుందా అన్నది కూడా చూసుకోవాలి.

వోచరు తీసుకుని, గడువు మార్చి దాకానే ఉందని చూసుకుని, ఆ తర్వాత ఇక అడిగే హక్కు లేదనుకునేవాళ్లు ఉన్నారు. వోచరు మీద ఏజెంటు వేసిన తేదీ వేరు, చట్టం ఇచ్చిన గడువు వేరు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ప్రయాణం రద్దయిన రోజు నుంచే లెక్కేసుకున్నా, మొంథా వారంలో అరకు వెళ్లలేకపోయినవాళ్లకి 2027 అక్టోబరు నెలాఖరు దాకా గడువుంది.